అర్థమవుతుంది, సరే... అంటే ఏం చేస్తారు?

ప్రశ్న: నేను గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో జిల్లా పరిషత్ మరాఠీ బడిలో టీచర్ని. నాలుగు, అయిదు తరగతులు రెండూ నావే, ఒకే గదిలో కూర్చుంటారు. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కొందరిది మాడియా అనే ఆదివాసీ భాష. మాదీ తెలుగు ఇల్లే గానీ నా చదువంతా మరాఠీలో సాగింది. మొన్న కేంద్రప్రముఖ్ సార్ (చుట్టుపక్కల బళ్ళను పర్యవేక్షించే అధికారి) వచ్చి నా టాచణ వహీ (పాఠ్య పథకాలు రాసే నోటుబుక్కు) తిరగేశారు. "బాయీ, అన్ని పాఠాలకీ ఒకటే ఉద్దిష్టం (పాఠం లక్ష్యం) రాశారు, పాఠం పేరొక్కటే మార్చారు" అన్నారు. నిజమే, ప్రతి దానికీ "పిల్లలకు ఫలానాది అర్థమవుతుంది" అనే రాస్తాను. పోనీ అని ట్రైనింగ్‌లో ఇచ్చిన క్రియాపదాల లిస్టు ముందు పెట్టుకుని రాస్తే ఇంకా కృత్రిమంగా వస్తోంది. ఉద్దిష్టాన్ని బోర్డు మీద కూడా రాయమన్నారు. రాస్తే పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకునేసరికి పీరియడ్‌లో సగం అయిపోతోంది. కవిత పాఠానికైతే ఏం రాయాలో తోచదు. ఇంకో సందేహం: పిల్లవాడు జవాబు సరిగ్గానే చెప్పాడు, కానీ తెలుగులో చెప్పాడు. ఉద్దిష్టం నెరవేరినట్టా, కానట్టా? వచ్చే నెల మళ్ళీ వస్తామన్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచరు, సిరొంచ తాలూకా

జవాబు:

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండమ్మా. సార్ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే ఆయన చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. ఉద్దిష్టం ఆయన చూడ్డానికి రాసేది కాదు. పాఠం సగంలో ఉండగా, ఇప్పుడు ముందుకు పోవాలా, ఇక్కడే ఇంకాసేపు ఆగాలా అన్నది మీరు తేల్చుకోవడానికి రాసుకునేది. ఆ సమయంలో పనికి రాని ఉద్దిష్టం ఎంత చక్కటి మరాఠీలో ఉన్నా ఇంకు దండగే. (నది అవతల తెలంగాణ బళ్ళలో దీన్ని లక్ష్యం అంటారు. మీ స్టాఫ్‌రూమ్‌లో వాడే మాట ఉద్దిష్టం కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.)

మీ టాచణలో ఉద్దిష్టం గడి పైన ఉంటుంది, మూల్యమాపన (పిల్లలకు వచ్చిందో లేదో చూసే) గడి అడుగున ఉంటుంది. అందరూ పైనుంచి కిందికి నింపుకుంటూ వస్తారు. పై గడిలో "అర్థమవుతుంది" అని పడేసి, చివరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి "ప్రశ్నలు అడుగుట" అని ముగిస్తారు. మీరు అడుగు నుంచి మొదలుపెట్టండి. పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో పిల్లలకు ఏ ఒక్క ప్రశ్న ఇస్తారు? ముందు దాన్ని పూర్తిగా, అంకెలతో సహా రాయండి. తర్వాత పైకి వెళ్ళి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి ఏం వచ్చినట్టో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యమే మీ ఉద్దిష్టం.

అయిదో తరగతి చుట్టుకొలత పాఠం తీసుకుందాం. మీ వహీలో "విద్యార్థ్యాంనా పరిమితీ సమజేల్" (పిల్లలకు చుట్టుకొలత అర్థమవుతుంది) అని ఉండి ఉంటుంది. ఇప్పుడు చివరి ప్రశ్న ఏమిటో ఆలోచించండి. మీ బడిలో పరస్‌బాగ్ (కూరగాయల పెరటి తోట) ఉందనుకుందాం. దీర్ఘచతురస్రంగా బొమ్మ గీసి, ఒక పొడుగు వైపు 8 మీటర్లు, ఒక అడ్డం వైపు 5 మీటర్లు అని రాయండి. మిగతా రెండు వైపులా ఏమీ రాయొద్దు. మేకలు రాకుండా చుట్టూ ఒక వరస తీగ కట్టాలి, ఎంత తీగ తేవాలి? ఇదీ ప్రశ్న.

దీనికి మీకు దాదాపుగా మూడు రకాల జవాబులు వస్తాయి. 26 అన్నవాళ్ళకి వచ్చింది. 13 అన్నవాళ్ళు కళ్ళకు కనిపించిన రెండు అంకెలు కలిపారు. రాయని వైపులు కూడా ఉన్నాయని వాళ్ళకు తట్టలేదు, లేదా ఎదురెదురు వైపులు సమానమన్నది ఇక్కడ వాడాలని తెలియలేదు. 40 అన్నవాళ్ళు గుణించారు. అంటే వైశాల్యంతో కలగాపులగం చేసుకున్నారు, లేకపోతే రెండు అంకెలు కనబడితే గుణించడమే అనుకున్నారు. ఈ మూడు గుంపులకూ మర్నాడు చెప్పాల్సింది ఒకటి కాదు. 13 వాళ్ళకు బొమ్మ చుట్టూ వేలు తిప్పించి, వేలు ఎక్కడ బయల్దేరిందో అక్కడికి వచ్చేదాకా ఆపకండి అంటే చాలామటుకు సరిపోతుంది. 40 వాళ్ళకు తీగ వేరు, మడిలో పరిచే మట్టి వేరు అని చేతులతో చేయించి చూపించాలి. అది ఒక్కరోజులో తేలే పని కాదు.

ఇప్పుడు ఉద్దిష్టం రాయండి: "దీర్ఘచతురస్రం బొమ్మలో రెండు పక్కపక్క భుజాల కొలతలే ఇచ్చినప్పుడు, మిగతా రెండూ తనే రాబట్టి, చుట్టూ ఎంత పొడవో కనుక్కుంటాడు, ఎలా వచ్చిందో చెప్తాడు." దీంట్లో ఏం ఇస్తున్నారో ఉంది, ఏం చేయాలో ఉంది, ఎక్కడ తడబడతారో కూడా ముందే తెలుస్తోంది. ముఖ్యంగా, పాఠం మధ్యలో ఎక్కడ ఆగాలో మీకు తెలిసిపోయింది: రాయని భుజాల దగ్గర. "సమజేల్" అని రాసుకున్న రోజు ఆ సంగతి మీకు తట్టేది కాదు.

దీన్నే ఇంకోలా రాసేవాళ్ళున్నారు: "చుట్టుకొలత సూత్రం చెప్తాడు." ఇది కొలవగలిగేదే, ట్రైనింగ్ లిస్టులో ఉన్న క్రియాపదమే, ఏ తనిఖీలోనూ ఎవరూ వంక పెట్టరు. కానీ "రెండు ఇంటూ పొడవు ప్లస్ వెడల్పు" అని గడగడా ఒప్పజెప్పే పిల్లవాడు తీగ లెక్కలో 13 రాయగలడు. లిస్టు చూసి రాస్తే కృత్రిమంగా ఉంటోందని మీకు అనిపించడానికి కారణం ఇదే. క్రియాపదం మారింది, ఆలోచన మారలేదు. కొలవడానికి తేలిగ్గా ఉందని చిన్న పనిని ఉద్దిష్టంగా పెట్టుకోవడం కన్నా మీ పాత "అర్థమవుతుంది" నయం. కనీసం అందులో అబద్ధం లేదు.

ఆ లిస్టుల పుట్టుక కొంచెం చెప్తాను, చెప్తే వాటి మీద భయం తగ్గుతుంది. బెంజమిన్ బ్లూమ్ షికాగో యూనివర్సిటీలో పరీక్షలు చూసుకునే అధికారి. 1948లో బోస్టన్‌లో కలిసిన కాలేజీ పరీక్షకుల మధ్య మొదలైన మాటలు 1956లో ఆ ప్రసిద్ధ వర్గీకరణగా బయటికొచ్చాయి. జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అని మనం బట్టీ పట్టిన ఆరు మెట్లు అవే. 2001లో ఆయన శిష్యులు, సహచరులు వాటిని సవరించి గుర్తుంచుకోవడం నుంచి సృష్టించడం దాకా క్రియలుగా మార్చారు. అంటే ఆ నిచ్చెన పరీక్ష ప్రశ్నల్ని రకాలుగా సర్దుకోవడానికి పుట్టింది. మన దగ్గర అది ప్రశ్నల్ని వదిలేసి పాఠ్య పథకం మొదటి గడిలోకి ఎక్కి కూర్చుంది. చివరి ప్రశ్న ముందు రాయమని నేను చెప్పడం కొత్త మాటేమీ కాదు, దాన్ని పుట్టింటికి పంపించడమే.

రాబర్ట్ మేజర్ అని ఇంకొకాయన 1962లో ఉద్దిష్టానికి మూడు భాగాలు ఉండాలన్నాడు: పిల్లవాడు చేసి చూపేది, ఏ పరిస్థితిలో చేస్తాడు, ఎంత బాగా చేస్తే చాలు. ఆయన ఆ సూత్రాలు రాసింది టీచరు పక్కన లేకుండా విద్యార్థి తనంతట తను చదువుకునే పాఠాల కోసం. పక్కన ఎవరూ ఉండరు కాబట్టి అన్నీ కాగితం మీద ఉండాల్సిందే. మీరు గదిలోనే ఉంటారు. అందుకని మొదటి రెండూ తీసుకోండి, మూడోదాన్ని అంతగా పట్టించుకోకండి. "80 శాతం పిల్లలు సరిగ్గా చేస్తారు" అని కొందరు రాస్తుంటారు. మీ అయిదో తరగతిలో 14 మంది ఉన్నారనుకోండి, 80 శాతం అంటే 11.2 మంది. ఆ పాయింట్ రెండు పిల్లవాణ్ణి ఏ బెంచీలో వెతుకుతారు? శాతం బదులు పేర్లు రాయండి. ఎవరికి రాలేదో ఆ ఇద్దరు ముగ్గురి పేర్లు పేజీ చివర పెన్సిల్‌తో రాసుకుంటే చాలు.

టాచణ వహీల్లో ఉద్దిష్టం పేరుతో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. మీ పేజీలు తిరగేస్తే మీకూ తగులుతాయి. "చుట్టుకొలత వివరించుట" అన్నది మీ పని, పిల్లల పని కాదు. మీరు వివరించారు, పీరియడ్ అయిపోయింది, ఉద్దిష్టం నెరవేరిపోయింది. గదిలో పిల్లలు ఉన్నా లేకపోయినా నెరవేరేదే. "దారంతో పలక చుట్టూ కొలుస్తారు" అన్నది కృత్యం. మంచి కృత్యమే, చేయించండి. అయితే దారం చుట్టిన ప్రతి పిల్లవాడికీ చుట్టుకొలత వచ్చినట్టు కాదు. కొందరికి వచ్చేది దారం చుట్టడమే. మూడో రకం ఉత్త హెడ్డింగు: "జిల్లాలోని నదులు – పరిచయం." ఎవరికి పరిచయం, పరిచయమైతే ఏం చేస్తాడు?

మీ పాత అలవాటు ఒక్కసారిగా మానక్కర్లేదు. "అర్థమవుతుంది" అని రాయండి, పక్కనే "అంటే" అని రాసి వాక్యం పొడిగించండి. మరాఠీలో "మ్హణజే" అని పెట్టండి. ఆ మాట రాశాక పెన్ను దానంతటది ఆగుతుంది, ఆలోచించక తప్పదు. నదుల పాఠాన్నే చూడండి. "జిల్లా నదులు అర్థమవుతాయి, అంటే..." ఏమిటి? పేర్లు చెప్పడమా? సిరొంచ పిల్లలకు ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి పేర్లు బడికి రాకముందే తెలుసు. ఆ పేర్ల కోసం పీరియడ్ ఖర్చు పెట్టడం అన్యాయం. వాళ్ళకు తెలియనిది మ్యాపు. "అంటే, పేర్లు లేని జిల్లా మ్యాపులో సిరొంచ మీద వేలు పెట్టి, ప్రాణహిత ఎటునుంచి ఎటు పోతుందో గీసి, అది గోదావరిలో కలిసే చోటు, కింద సోమ్నూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలిసే చోటు గుర్తిస్తాడు." ఇంకా ముందుకు పోవాలంటే వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతుంది కదా, "పైన వార్ధాలో వాన ఎక్కువైతే మన ఊరి రేవులో నీళ్ళు పెరుగుతాయా, ఎందుకు?" అని అడగొచ్చు. ఇది నాలుగో తరగతివాడూ మ్యాపు చూసి చెప్పగలిగే ప్రశ్న. పాఠం ఎక్కడ లోతుగా పోవాలో ఈ ఒక్క వాక్యంతో తేలిపోయింది.

అధ్యయన నిష్పత్తికీ (ఇంగ్లీషులో లెర్నింగ్ అవుట్‌కమ్) ఉద్దిష్టానికీ తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది రెండూ ఒకటే అనుకుని నిష్పత్తి పట్టికలోని వాక్యాన్ని యథాతథంగా టాచణలోకి దింపుతారు. తరగతివారీగా, సబ్జెక్టువారీగా ఏం రావాలో తేల్చే ఆ పట్టికలు 2017లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చినవి. అదే ఏడాది విద్యాహక్కు నియమాల్లోనూ వాటి ప్రస్తావన చేర్చారు. అవి ఏడాది చివరికి చేరాల్సిన చోటు. ఉద్దిష్టం ఈ రోజు వేసే అడుగు. ఒక్క నిష్పత్తి కిందికి ఎనిమిదో పదో పీరియడ్ల ఉద్దిష్టాలు రావచ్చు. పేజీ పైన నిష్పత్తి నంబరు వేసి వదిలేయండి, కింద మీ వాక్యం మీరు రాయండి.

ఇక మీ అసలు ప్రశ్న. మిగతావి ఏ జిల్లా టీచరైనా అడగొచ్చు, ఇది సరిహద్దు బడి టీచరే అడగగలరు.

తీగ లెక్క ఇచ్చారు. ఒక పిల్లవాడు లేచి, "బాయీ, రెండు దిక్కులే రాసిన్రు, ఇంకా రెండు దిక్కులున్నయి గదా, అవి గూడ కలపాలె. ఇరవై ఆరు" అన్నాడు. గణితం ఉద్దిష్టం నూటికి నూరు నెరవేరింది. రాబట్టాడు, కలిపాడు, కారణం చెప్పాడు. తెలుగులో చెప్పాడని "నెరవేరలేదు" అని రాస్తే, రేపు వాడికి వచ్చిన లెక్కనే మళ్ళీ చెప్తారు. వాడు విసుగెత్తి కిటికీలోంచి చూస్తాడు, మీరు వాణ్ణి మొద్దు అనుకుంటారు. అలాగని టిక్కు పెట్టి ఊరుకున్నా కుదరదు. పరీక్షలో ప్రశ్న మరాఠీలో వస్తుంది, జవాబు మరాఠీలో రాయాలి. ఆరో తరగతికి వెళ్ళాక అక్కడి సార్‌కి తెలుగు రాకపోవచ్చు.

అందుకని ఉద్దిష్టాన్ని రెండు చేయండి. ఒకటి గణితానిది, అది ఏ భాషలో చెప్పినా చెల్లుతుంది. ఆ మాట వాక్యంలోనే రాయండి: "తెలుగులోగానీ మరాఠీలోగానీ కారణం చెప్తాడు." రెండోది భాషది, చిన్నదిగా ఉండాలి: "లాంబీ (పొడవు), రుందీ (వెడల్పు), పరిమితీ అన్న మూడు మాటలూ వాడుతూ 'బాగేచీ పరిమితీ 26 మీటర్ ఆహే' లాంటి ఒక వాక్యం నోటితో చెప్తాడు." రోజుకు మూడు మాటలు, ఒక వాక్యం, అంతకు మించి పెట్టుకోకండి. మొదటిది నెరవేరి రెండోది నెరవేరని పిల్లలు ఎవరు, రెండోది గడగడా చెప్పి మొదటిది రానివాళ్ళు ఎవరు అన్నది విడివిడిగా కనిపిస్తుంది. రెండో రకం పిల్లలే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. మరాఠీ బాగా వస్తుంది కాబట్టి లెక్క కూడా వచ్చేసిందని మనం అనుకుంటాం.

ఇంకొకటి చూడండి. 40 అని రాసిన పిల్లలందరూ వైశాల్యంతో తికమకపడ్డవాళ్ళే అనుకోకండి. ప్రశ్నలో "కుంపణ్" అని ఉంటుంది. ఇంట్లో కంచె అనే మాటే విన్న పిల్లవాడికి కుంపణ్ ఏమిటో తెలియకపోతే, చేతికి దొరికిన రెండు అంకెల్నీ ఏదో ఒకటి చేసేస్తాడు. వాణ్ణి పక్కకు పిలిచి అదే ప్రశ్న తెలుగులో అడగండి. 26 అంటే వాడి ఇబ్బంది ఒక్క మరాఠీ మాట, రెండు నిమిషాల పని. తెలుగులోనూ 40 అంటే అప్పుడు అది లెక్కలో ఇబ్బంది. ఈ తేడా పట్టుకోగలిగేది తెలుగు వచ్చిన మీలాంటి టీచరు. పెద్ద పట్నం నుంచి వచ్చిన సార్‌కి ఇది సాధ్యం కాదు, మీ ఇల్లు తెలుగు ఇల్లు కావడం ఈ ఉద్యోగంలో మీకున్న పెద్ద బలం.

మాడియా పిల్లల సంగతి వేరు. మీకు వాళ్ళ భాష రాకపోతే నోటి కారణం అడిగి లాభం లేదు, వాళ్ళకు తెలుగూ మరాఠీ రెండూ పరాయివే. వాళ్ళకు గణితం ఉద్దిష్టంలో "చెప్తాడు" తీసేసి "బొమ్మ మీద వేలితో చూపి, రాయని భుజాల మీద అంకె వేస్తాడు" అని పెట్టండి. మాడియా, మరాఠీ రెండూ వచ్చిన పెద్ద క్లాసు పిల్ల ఎవరైనా ఉంటే అప్పుడప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి.

తరగతిలో తెలుగు ఏమిటని ఎవరైనా అడిగితే తడబడకండి. ప్రాథమిక దశలో భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం అంటోంది, అది 1956 నుంచీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా, వీలున్న చోటల్లా ఇంటిభాషనే మాధ్యమంగా చెప్పింది. మీది మరాఠీ మాధ్యమం బడే, అది మారదు, మారమని మీరూ అడగడం లేదు. కారణం చెప్పడానికి పిల్లవాణ్ణి తన భాషలో నోరు తెరవనివ్వడం వీటిలో దేనికీ విరుద్ధం కాదు.

కవిత దగ్గర మీకు తోచకపోవడం సహజం. ఉద్దిష్టాల మోజు బాగా నడిచిన రోజుల్లోనే, 1960ల చివర్లో, ఇలియట్ ఐస్నర్ అనే విద్యావేత్త అభ్యంతరం చెప్పాడు. కళల్లో, సాహిత్యంలో ఫలితాన్ని ముందే రాసి పెట్టుకోలేం, పిల్లలు ఎదుర్కొనే సందర్భాన్ని మాత్రం సిద్ధం చేయగలం అన్నాడు. నాకు ఆయన మాట నచ్చుతుంది. వాన మీద కవిత ఉందనుకోండి. "వాన అందాన్ని ఆస్వాదిస్తారు" అని రాస్తాం. 2022 జులైలో గోదావరి వరద చూసిన తాలూకా మీది. వానంటే సామాన్లు నెత్తిన పెట్టుకుని ఎత్తు మీదికి పోవడమే అని ఇంట్లో విని పెరిగిన పిల్ల ఆ కవితకు మొహం చిట్లిస్తే, ఉద్దిష్టం నెరవేరలేదని రాస్తారా? ఆ పిల్ల కవితను అందరికన్నా బాగా చదివినట్టు.

కవితకు ఒక చిన్న ఉద్దిష్టం కచ్చితంగా రాయండి: ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి గట్టిగా చదవడం, లేదా కొత్త మాటలు రెండింటిని సొంత వాక్యంలో వాడడం. రెండోది తెరిచి ఉంచండి: "తనకు నచ్చిన, లేదా నచ్చని ఒక పాదం ఎంచుకుని ఎందుకో చెప్తాడు." జవాబేమిటో ముందు రాయకండి. ఎందుకో చెప్పాడా లేదా అన్నదొక్కటే చూడండి.

బోర్డు విషయం తొందరగా తేల్చేద్దాం. పిల్లలు ఎక్కించుకుంటున్నారంటే వాళ్ళకు అది ఇంకో హోంవర్కు. ఉద్దిష్టం వాక్యం బోర్డు మీద వద్దు, చివరి ప్రశ్న బొమ్మ గీయండి. పరస్‌బాగ్ బొమ్మ, 8, 5, పక్కన ఒక ప్రశ్నార్థకం. "ఇది బెల్లు కొట్టేలోపు మీ అంతట మీరే చేస్తారు" అని తెలుగులో ఒక మాట, మరాఠీలో ఒక మాట చెప్పండి. నోట్సు తీయొద్దనండి. ఉద్దిష్టం బోర్డు మీద ఉండాలన్న సార్‌కి అది కనిపిస్తుంది, పిల్లలకు ఎటు పోతున్నామో తెలుస్తుంది. అయితే ప్రతిరోజూ ఇలా చేయకండి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టాల్సిన పాఠాలు కొన్నుంటాయి. వాటికి ముందే జవాబు దారి చూపిస్తే ఆటలో సరదా పోతుంది.

ఒకే గదిలో రెండు తరగతులు ఉన్నప్పుడు రెండు వేర్వేరు పాఠాలు నడపాలని కిందా మీదా పడకండి. ఒకటే బొమ్మ, రెండు ఉద్దిష్టాలు. నాలుగో తరగతికి నాలుగు వైపులా కొలతలు రాసి ఇవ్వండి, కలిపి చుట్టుకొలత చెప్తే చాలు. అయిదుకు రెండే రాయండి. అయిదులో చురుకైనవాళ్ళకు ఒక మీటరు వెడల్పున గేటు వదిలి, దానికి తీగ వద్దనండి, 25 రావాలి. మీరు ఒక్కసారే చెప్తారు, ఎవరి ప్రశ్న వాళ్ళు చేస్తారు. పిల్లలు జవాబు రాసిచ్చిన చిట్టీలు మీరు ఇంటికి మోసుకుపోనక్కర్లేదు, అక్కడే మూడు కుప్పలుగా వేయిస్తే మర్నాటి టాచణ సగం రాసినట్టే.

వచ్చే నెల తనిఖీకని పాత పేజీలన్నీ తిరగరాయకండి, అది ఎవరి కోసమూ పనికిరాని చాకిరీ. రేపటి నుంచి గణితం పీరియడ్ ఒక్కదానికే అడుగు నుంచి పైకి రాయడం మొదలుపెట్టండి. నాలుగు వారాల్లో చేతికి అలవాటవుతుంది, తర్వాత పరిసర్ అభ్యాస్‌కి (పరిసరాల విజ్ఞానానికి) మార్చండి. సార్ వచ్చినప్పుడు ఏదో ఒక గణితం పేజీ, దానికి గుచ్చిన ఆ రోజు చిట్టీలు, కింద పెన్సిల్‌తో రాసుకున్న పేర్లు చూపించి, మర్నాడు ఆ పిల్లలతో ఏం చేయించారో చెప్పండి. మిగతా సబ్జెక్టుల్లో ఇంకా "సమజేల్" కనిపిస్తే కొంపేమీ మునగదు, అక్కడికి ఇంకా రాలేదని చెప్పేయండి.